తాడు పట్టుకున్న మనిషి

ఆ పడవ మాకు ఆదివారం పొద్దున్న కనబడింది. నెత్తళ్ళ చేపల వేటకి వెళ్ళి తిరిగి వస్తున్నాం. పడవలో నలుగురం. ఇంజను దగ్గర దోలా ఉన్నాడు. దోలా అంటే మీ నాయనమ్మ చెల్లెలి కొడుకే, నన్ను పెదనాన్నా అంటాడు. సరంగుని నేను. అప్పటికి ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఆ చుక్కాని నా చేతిలోనే ఉంది.

"పెదనాన్నా, అవి మనుషులా, మూటలా?" అన్నాడు దోలా, కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకుని.

"మూటలకి తలలు ఉండవు కదరా."

"మనూళ్ళో తలలున్న మూటలు చాలానే ఉన్నాయి. ఆ కాఫీ కొట్టులో కూర్చుంటాయి."

దగ్గరికి వెళ్ళాం. పొడుగాటి చెక్క పడవ. ఇంజను చచ్చిపోయింది. చెక్క ఎక్కడా కనబడటం లేదు, అంతా మనుషులే, ఒకరి మోకాళ్ళ మధ్య ఒకరు. అలాంటి పడవలు అంతకు ముందు కూడా వచ్చాయి. యుద్ధం జరిగే చోటు నుంచి వస్తారు వాళ్ళు. మలేషియా వెళ్దామని బయల్దేరతారు, తిండీ నీళ్ళూ అయిపోతాయి, మా ఆచే తీరానికి కొట్టుకొస్తారు. మమ్మల్ని చూసి వాళ్ళు కేకలు వెయ్యలేదు. చేతులు ఊపలేదు. ఊరికే చూశారు.

పై అధికారుల నుంచి మాకు ఒక మాట ఉంది. అన్నం ఇవ్వండి, నీళ్ళివ్వండి, డీజిల్ పొయ్యండి, ఒడ్డుకి మాత్రం తేవద్దు అని. మా సముద్రానికి అంతకంటే పాత మాట ఒకటి ఉంది. నీళ్ళ మీద మనిషి కష్టంలో ఉంటే, ఎవరు, ఏ ఊరు అని అడగకుండా వెళ్ళాలి. రెండిట్లో ఏది పెద్దదని నేను ఆలోచించలేదు. నీళ్ళ క్యాను పైకి తియ్యమన్నాను.

ఇక్కడ నేను చేసిన పని చెప్పాలి.

గాలి పడమర నుంచి వస్తోంది. నడి సముద్రంలో ఇంకో పడవకి నీళ్ళో, ఐసు గడ్డో ఇవ్వాలంటే మేము గాలి మరుగు వైపు నుంచి వెళ్తాం. అటు అల తక్కువ. తాడు విసిరితే అవతలి పడవలో ముందున్నవాడు ఒక్కడే లేచి పట్టుకుంటాడు. మిగతావాళ్ళు లేవరు. లేవకపోగా అవతలి అంచుకి జరుగుతారు, బరువు సరిపోవాలి కదా. ఇది మాకు ఎవరూ కూర్చోబెట్టి నేర్పరు. చిన్నప్పుడే ఒంటికి పట్టేస్తుంది. నేను రోజూ చేసేదే చేశాను. గాలి మరుగు నుంచి వెళ్ళాను. తాడు విసిరాను.

ముందు ఒక ముసలాయన కూర్చుని ఉన్నాడు. తెల్ల గడ్డం, గళ్ళ లుంగీ. మొదటి విసురుకే పట్టుకున్నాడు. పట్టుకుని నా వైపు చూశాడు. చెయ్యి తిరిగిన మనిషిలా పట్టుకున్నాడు, అందుకే నాకు అనుమానం రాలేదు. దోలా నీళ్ళ క్యాను ఎత్తి చూపించాడు.

వాళ్ళు పొలం మనుషులు. వరి పండించుకునేవాళ్ళు. నీళ్ళు కనబడ్డాయి, లేచారు. అందరూ లేచి మా వైపుకి వచ్చారు.

పడవ తిరగబడటానికి ఎంతోసేపు పట్టలేదు. నిద్రలో మనిషి పక్కకి ఒత్తిగిలినట్టు ఒత్తిగిలింది. చప్పుడు కూడా పెద్దగా రాలేదు. నా చేతిలో తాడు ఒక్కసారి బిగిసింది. తర్వాత వదులైంది.

మేము అందినవాళ్ళని అందినట్టు లాగాం. చుట్టుపక్కల పడవలు వచ్చాయి. మర్జుకి పడవ కూడా వచ్చింది. మర్జుకి మా తీరంలోనే ఇంకో సరంగు, నోరు పెద్దది. ఆ రోజు వాడి పడవ ఒక్కటే పందొమ్మిది మందిని లాగింది, అది కూడా చెప్పాలి. మధ్యాహ్నానికి అందరినీ ఒడ్డుకి తెచ్చేశాం. తేవద్దన్న మాట ఎవరికైనా గుర్తొచ్చినా పైకి అనలేదు.

ఇసకలో కూర్చోబెట్టి లెక్కపెట్టాం. డెబ్బై ఒక్కరు.

"డెబ్బై రెండు" అంది ఒక పిల్ల.

మళ్ళీ లెక్కపెట్టాం. డెబ్బై ఒక్కరే.

ఆ పిల్ల పేరు సెనువారా. ఇరవై నాలుగో, ఇరవై ఐదో ఉంటాయి. మొగుడు మలేషియాలో, పెనాంగ్‌లో ఇళ్ళు కట్టే పనిలో ఉన్నాడు. ఫోనులో ఆమెకి మలై మాటలు నేర్పాడట, రేపు అక్కడికొస్తే పనికొస్తాయని. మలై మాకూ అర్థమవుతుంది, వాళ్ళందరిలో మాతో మాట్లాడగలిగింది ఆమె ఒక్కతే. తక్కువైన ఒక్కరు ఆమె నాన్న. పేరు ఓలి అహ్మద్. తాడు పట్టుకున్నది ఆయనే.

మీ నాయనమ్మ ఆమె భుజాల మీద పొడి లుంగీ కప్పి, చేతిలో కాఫీ గ్లాసు పెట్టింది.

"తాగమ్మా. మూడు చెంచాల పంచదార వేశా. ఈయనకి నేను ఒక్కటి కూడా వెయ్యను."

సెనువారా గ్లాసు పట్టుకుంది. తాగలేదు. నా వైపు తిరిగి, "తాడు వేసిన పడవ నీదేనా?" అని అడిగింది.

"నాదే."

"మా నాన్న కావాలి."

నేను ఆమె ఎదురుగా ఇసకలో కూర్చున్నాను.

"బతికుండడు. తెలుసు. ఈత రాదు. మట్టిలో పెట్టాలి, అంతే. మా అమ్మ, తమ్ముళ్ళిద్దరూ నది ఒడ్డున పోయారు. అటూ ఇటూ రెండు సైన్యాలు, మధ్యలో మేము. పైనుంచి బాంబులు పడ్డాయి. పడవ వెళ్ళిపోతోంది, వాళ్ళని అక్కడే వదిలేసి ఎక్కాం. మట్టి వెయ్యలేదు. నాన్న పడవలో రోజూ అదే అనేవాడు, మట్టి వెయ్యలేదు, మట్టి వెయ్యలేదు అని. ఇప్పుడు ఆయన్ని కూడా వదిలేస్తే నేను..."

ఆ తర్వాతి మాట ఆమెకి మలైలో రాలేదు. ఆగిపోయింది.

కూరగాయల ధర చెప్పినట్టు చెప్పింది అదంతా. ఏడవలేదు. మీ నాయనమ్మ ఏడ్చింది. నేనూ ఏడవలేదు. నా చేతులు చల్లగా ఉన్నాయి, అంతే. అంత ఎండలో.

మధ్యాహ్నం నమాజు అయ్యాక వలల పాకలో కూర్చున్నాం. మా తీరానికి సముద్రం పెద్ద అని ఒకడు ఉంటాడు. అప్పుడు ఇద్రుస్ ఉండేవాడు. ఎవరు ఎక్కడ వల వెయ్యాలి, ఏ రోజు వెయ్యకూడదు, తగువొస్తే ఎవరిది తప్పు, అన్నీ ఆయన చెప్పాలి. మన తీరం పడవ మీద నుంచి మనిషి సముద్రంలో పోతే మూడు రోజులు ఎవరూ వల వెయ్యకూడదు, అన్ని పడవలూ వెతకాలి. శవం దొరికితే ఆ రోజుతో సరి. అది పాత కట్టుబాటు. దాన్ని ఎవరూ కాదనరు. ఈయనకి అది వర్తిస్తుందా లేదా అన్నదే మాట.

మర్జుకి అందరికంటే ముందు లేచాడు.

"మన తీరం పడవ మీద నుంచి అని కదా ఉంది, పెద్దాయనా. వాళ్ళ పడవ ఏ తీరానిది? నెత్తళ్ళు ఇంకో వారం ఉంటాయో లేదో. నలభై పడవలు మూడు రోజులు ఉత్తినే తిరగాలా?"

"మనిషి కదరా" అన్నాడు ఇద్రుస్.

"మనిషే. కాదన్నానా? పందొమ్మిది మందిని లాగాను, నా నడుముని అడగండి చెప్తుంది. నా పెళ్ళాం తన లుంగీలన్నీ వాళ్ళకి పంచేసి ఇప్పుడు నా లుంగీ కట్టుకు తిరుగుతోంది. రేపు నేను ఏం కట్టుకోవాలో తెలీదు."

పాకలో నవ్వారు.

"బతికున్నవాళ్ళకి ఏం కావాలన్నా ఇద్దాం" అన్నాడు మర్జుకి. "పోయినవాడి కోసం మన పిల్లల్ని పస్తు పెట్టమంటే ఎలా?"

వాడు అన్నదాంట్లో అబద్ధం లేదు. చాలామంది తలలు ఊపారు. ఇద్రుస్ గడ్డం గోక్కున్నాడు. ఆయన గడ్డం గోక్కున్నాడంటే కాదని చెప్పబోతున్నాడని మా అందరికీ తెలుసు.

నేను లేచాను.

"ఆయన నా తాడు పట్టుకున్నాడు" అన్నాను.

"ఎవరు?"

"పోయినాయన. ఒక కొస ఆయన చేతిలో ఉంది, ఇంకో కొస నా చేతిలో ఉంది. తాడు పట్టుకున్నాక ఆయన నా పడవ మనిషే. నా పడవ ఈ తీరానిదే."



"మాటలు బాగానే నేర్చావు సరంగూ" అన్నాడు మర్జుకి. "తాడు పట్టుకుంటే అయిపోతుందా? ఆ పడవ దానంతట అది తిరగబడింది. కుళ్ళిన చెక్క, డెబ్బై మంది జనం. నీకేం సంబంధం?"

అప్పటిదాకా ఊళ్ళో అందరూ అలాగే అనుకుంటున్నారు. దోలా పాక గుంజకి ఆనుకుని నా వైపు చూస్తున్నాడు. వద్దన్నట్టు తల అడ్డంగా ఊపాడు.

"దానంతట అది తిరగబడలేదు" అన్నాను. "నేను గాలి మరుగు నుంచి వెళ్ళాను. వాళ్ళు సముద్రం ఎరగని మనుషులని కనబడుతూనే ఉంది. ముందు కూర్చోమని చెయ్యి ఊపాలి. ఊపలేదు. వెనక నుంచి వెళ్ళి క్యాన్లు నీళ్ళలో వదిలినా సరిపోయేది, తేలుకుంటూ పోయేవి. అదీ చెయ్యలేదు. నీళ్ళు చూపించాను, లేచారు. తప్పు నాది."

ఇద్రుస్ గడ్డం మీద చెయ్యి తీసేశాడు.

"ఏం మాట్లాడుతున్నావో తెలిసే మాట్లాడుతున్నావా? సరంగు తప్పు వల్ల మనిషి పోతే ఏమవుతుందో తెలుసు కదా?"

"తెలుసు."

"ఏడాది పాటు చుక్కాని ముట్టుకోకూడదు."

"ముట్టుకోను."

"అరవై దాటాయి నీకు. ఏడాది పోయాక నీ చేతికి మళ్ళీ చుక్కాని ఎవడిస్తాడు?"

"ఎవడూ ఇవ్వడు."

అది పెద్ద పని అని తర్వాత కొందరు అన్నారు. ఆ పాకలో నాకు ఏమీ అనిపించలేదు. చేతిలో తాడు వదులైనప్పటి నుంచి నాకు ఏమీ అనిపించడం లేదు. ఎవరో అడిగారు, ఎవరో చెప్పారు, నేను పక్కన నిలబడి విన్నాను, అలా ఉంది.

మూడు రోజులూ వెతకాలని ఇద్రుస్ తీర్పు చెప్పాడు. సోమ, మంగళ, బుధ.

బయటికి వస్తుంటే మర్జుకి నా పక్కనే నడిచాడు. "నా నెత్తళ్ళు సముద్రంలోనే ముసలివైపోతాయి సరంగూ."

"ఇంక సరంగూ అని పిలవకు."

"మరేమని పిలవను? బావా అననా? మా చెల్లెల్ని అడిగితే నీ ముఖం చూసి పారిపోయింది కదా అప్పట్లో."

ఇంటికి వెళ్ళి మీ నాయనమ్మకి చెప్పాను. "నీ నోటికి తాళం లేదా?" అంది. పొయ్యిలో పుల్ల ఎగదోసి కాసేపు కూర్చుంది. తర్వాత, "పోనీలే. ఇంటి పట్టున ఉంటావు. రెండేళ్ళుగా కప్పు కారుతోంది" అంది.

సోమవారం నలభై పడవలు వెళ్ళాయి. ఒక పడవలో కేక వేస్తే పక్క పడవలో వినబడేంత దూరంలో వరసగా వెళ్ళాం. చుక్కాని దోలా పట్టుకున్నాడు. నేను ముందు కూర్చున్నాను. ఏం చెయ్యాలో తెలియక నా చేతులు ఒళ్ళో పెట్టుకున్నాను.

"ఎటు తిప్పను పెదనాన్నా?"

"సరంగువి నువ్వు."

"అయితే సరంగుగా చెప్తున్నా. ఎటు తిప్పాలో చెప్పు."

చెప్పాను. నీటి ఈడ్పు ఎటుందో చూసి తూర్పుకి కొంచెం ఎడంగా పొమ్మన్నాను. ఎండెక్కాక నెత్తళ్ళు పైకి వచ్చాయి. నీళ్ళ మీద వెండి చిమ్మినట్టు ఒకటే మెరుపు. పైన పిట్టలు దిగుతున్నాయి, లేస్తున్నాయి. పడవల్లో వలలు లేవు. జనం ముఖాలు ఇంకో వైపు తిప్పుకున్నారు. ఆ రోజు ఒక చెప్పు దొరికింది. ఒక ప్లాస్టిక్ సీసా దొరికింది. పసిపిల్లల టోపీ ఒకటి దొరికింది, దాని పిల్ల ఒడ్డు మీద బతికే ఉంది. మనిషి దొరకలేదు.

ఒడ్డు మీద ఊరంతా వంటే. మసీదు వెనక రెండు పెద్ద డేగిసాల్లో గంజి కాస్తున్నారు. ఇంటికొక గిన్నెడు బియ్యం, ఎవరికి తోచిన కూర వాళ్ళు. ఆడవాళ్ళు ఉప్పు గురించి కొట్టుకుంటున్నారు.

"ఎవరే ఇందులో రెండోసారి ఉప్పు వేసింది?"

"వాళ్ళు పదిహేను రోజులు ఉప్పు నీళ్ళు తాగారు, ఇదో లెక్కా?"

కాఫీ కొట్టు వాడు అందరికీ వినబడేలా సణిగాడు. "ఇవాళ డెబ్బై. రేపు ఏడొందలు వస్తారు. అప్పుడు మనం పడవెక్కి పోవాలి." అంటూనే కాఫీ పోస్తున్నాడు, ఆ రోజంతా ఎవరి దగ్గరా ఏమీ తీసుకోలేదు. మాకూ యుద్ధం ఉండేది ఒకప్పుడు. అప్పుడు ఆ కొట్టువాడు కూడా ఒక పడవెక్కి మలేషియా పారిపోయినవాడే. ఆ సంగతి వాడూ ఎత్తలేదు, మేమూ ఎత్తలేదు.

సెనువారా ఇసకలో ఆ చోటు వదల్లేదు. మీ నాయనమ్మ గంజి తెచ్చి చేతిలో పెడితే తాగింది, తీసేస్తే ఊరుకుంది. మేము తిరిగి వచ్చేసరికి పడవలు లెక్కపెడుతోంది.

"నలభై వెళ్ళాయి. ముప్ఫై తొమ్మిదే వచ్చాయి" అంది.

"ఇంకోటి వస్తోందమ్మా. దాని ఇంజను నాకంటే ముసలిది."

అది వచ్చేదాకా చూసింది. తర్వాత, "ఇవన్నీ మా నాన్న కోసమేనా?" అని అడిగింది.

"అవును."

"మా ఊళ్ళో ఆయన కోసం నలుగురు కూడా లేచేవాళ్ళు కాదు. తగువుల మనిషి. పొలం గట్టు కోసం సొంత అన్నతో ఏళ్ళ తరబడి మాట్లాడలేదు."

నవ్వుతుందేమోనని చూశాను. నవ్వలేదు. ఊరికే చెప్పింది.

ఆ సాయంత్రం పట్నం నుంచి ఇద్దరు వచ్చి అందరి పేర్లూ రాసుకున్నారు. బుధవారం పొద్దున్న లారీలు వస్తాయి, పట్నంలో ఒక పాత గిడ్డంగి ఉంది, అక్కడ ఉంచుతాం అన్నారు.

"నాన్న దొరక్కుండా నేను ఎక్కను" అంది సెనువారా.

"ఎక్కాలమ్మా" అన్నాడు రాసుకునే అతను. కుర్రవాడే, మంచిగానే చెప్పాడు. "అందరూ ఎక్కాలి. నా చేతిలో లేదు."

మంగళవారం మధ్యాహ్నం దాటాక మర్జుకి పడవకి శవం దొరికింది. తూర్పున కాదు, బాగా పడమరగా. వాడు తన ఒంటి మీది లుంగీ విప్పి దాని మీద కప్పి, తను చెడ్డీతో నిలబడి పడవ నడుపుకుంటూ వచ్చాడు. దూరం నుంచే, "దొరికాడు! దొరికాడు!" అని అరిచాడు. ఒడ్డున ఉన్నవాళ్ళందరూ లేచారు. వాడు సెనువారాని చూసి గొంతు తగ్గించాడు.

మసీదు పక్క గదిలోకి మోసుకెళ్ళాం. సెనువారా చూస్తానంది. ఇద్రుస్ వద్దన్నాడు. ముఖం చూపించే స్థితిలో లేదు. ఒంటి మీద బట్ట ఏదీ సముద్రం మిగల్చలేదు. మగమనిషిని మగవాళ్ళే కడగాలి, ఆమె బయటే ఉండాలి. అప్పుడు ఆమె నా చొక్కా చెయ్యి పట్టుకుంది.

"నువ్వు కడుగుతావా?"

"నేనూ, ఇమాం."

"ఎడమ కాలు చూడు. రెండో వేలూ మూడో వేలూ అంటుకుని ఉంటాయి. పుట్టినప్పటి నుంచీ అంతే. అమ్మ బాతు కాలు అని ఏడిపించేది. అది చూసి వచ్చి నాకు చెప్పు."

"చెప్తాను."

ఇమాంకి రెండు కళ్ళలోనూ పొర. ఆయన నీళ్ళు పోస్తే నేను కడగాలి.

"ఎక్కడ పొయ్యాలో చెప్తూ ఉండు, లేకపోతే నీకే స్నానం చేయించేస్తా" అన్నాడు.

నేను ముందు ఎడమ కాలు చూశాను. వేళ్ళు విడివిడిగా ఉన్నాయి. తప్పు చెప్పిందేమోనని కుడి కాలు కూడా చూశాను. అవీ విడిగానే ఉన్నాయి. చూడక్కర్లేదు కూడా. రెండు రోజులు నీళ్ళలో ఉన్న ఒళ్ళు వేరు, వారం ఉన్న ఒళ్ళు వేరు. సముద్రం మీద బతికినవాడికి అది తెలుస్తుంది. ఈయన పోయి వారం అయింది. ఇంకా వయసులో ఉన్నవాడు. ఎక్కడో ఇంకో పడవ మునిగింది, అది మేమెవరమూ చూడలేదు.

కడిగాను. తల, చేతులు, వీపు, కాళ్ళు. ఎవరో ఒకరు కడగాలి కదా. తెల్లగుడ్డ చుట్టాం.

"వెళ్ళి పేరు కనుక్కుని రా" అన్నాడు ఇమాం. "పేరు, తల్లి పేరు. గోరీ దగ్గర తల్లి పేరుతో పిలవాలి. ఎవరో తెలియని శవమైతే, అందరికీ తల్లి కదా, హవ్వమ్మ బిడ్డా అని పిలిచేద్దును. కూతురు బయట ఉంది కదా, ఆ కర్మ దేనికి?"

బయటికి వచ్చాను. వాకిట్లో ఊరంతా ఉంది. మర్జుకి ఇంకెవరిదో లుంగీ కట్టుకుని ముందు నిలబడ్డాడు. వెనక కుర్రాళ్ళు అప్పుడే వలలు ఎండలోకి లాగుతున్నారు.

"ఆయనేనా?" అన్నాడు ఇద్రుస్.

సెనువారా ముందుకి వచ్చింది. చేతులు రెండూ కిందికి వేలాడుతున్నాయి. "వేళ్ళు?" అని మాత్రం అడిగింది.

కాదంటే బుధవారం కూడా నలభై పడవలు వెళ్ళాలి. నీటి ఈడ్పు అప్పటికే తిరిగిపోయింది. వాళ్ళ నాన్న ఎక్కడున్నా మా పడవలు పోగలిగే దూరంలో లేడని నాకు దాదాపు తెలుసు. దాదాపే. కాదంటే ఆమె ఏమీ లేకుండా లారీ ఎక్కుతుంది. అవునంటే ఆయన్ని సముద్రంలో వదిలేసినట్టే, ఆమెకి తెలియకుండా. ఇదంతా తూచి చెప్పానని అనుకోవద్దు. దయతో చెప్పానని కూడా అనుకోవద్దు. అలసిపోయి ఉన్నాను. పాకలో నిజం చెప్పినప్పుడు ఎలా ఏమీ అనిపించలేదో, ఇప్పుడూ అలాగే ఉంది. నోరు తెరిస్తే మాట వచ్చింది.

"అంటుకునే ఉన్నాయి" అన్నాను.

ఆమె నేల మీద కూర్చుండిపోయింది. అప్పుడు ఏడ్చింది. మూడు రోజుల్లో అదే మొదలు. మీ నాయనమ్మ ఆమె తల పొట్టకి అదుముకుని నిలబడింది. ఏడుపు మధ్యలోనే ఆమె తన నాన్న తల్లి పేరు చెప్పింది. గుల్‌బహార్. నేను లోపలికి వెళ్ళి ఇమాంకి ఆ పేరు చెప్పాను. అది ఇంకో అబద్ధమో, మొదటిదే పొడుగయిందో నాకు తెలియదు.

పొద్దు వాలకముందే మట్టిలో పెట్టాం. మా ఊరి గోరీల మధ్యే, తూర్పు అంచున. ఇమాం మట్టి పక్కన చతికిలబడి కూర్చుని, "ఓలి అహ్మద్, గుల్‌బహార్ బిడ్డా" అని పిలిచాడు. మూడు సార్లు. లోపలున్నాయన అది తన పేరు కాదని అనలేడు కదా. సెనువారా మూడు గుప్పిళ్ళ మట్టి వేసింది. ఇంక లేస్తుందనుకున్నాం. లేవలేదు. ఇంకో మూడు వేసింది, అమ్మకి అంది. ఇంకో మూడు, ఇంకో మూడు. తమ్ముళ్ళకి. ఎవరూ ఆపలేదు. తర్వాత వచ్చి నా చెయ్యి తీసుకుని నుదుటికి ఆనించుకుంది.

"నీ చెయ్యి చల్లగా ఉంది బాబాయ్" అంది.

"రేపు లారీ దగ్గరికి వస్తాను" అన్నాను.

"దొరికాడు కాబట్టి సరి" అన్నాడు ఇద్రుస్ అందరితో. "రేపు వల వేసుకోవచ్చు."

బుధవారం చీకటి విడిపోతుండగానే పడవలన్నీ వెళ్ళిపోయాయి. మా పడవ కూడా, దోలా చుక్కానితో. నేను ఒడ్డున పడి ఉన్న చిన్న దోనె తోశాను. దానికి చుక్కాని లేదు, తెడ్డే. తెడ్డు గురించి కట్టుబాటు ఏమీ చెప్పలేదు.

"లారీలు వస్తాయి కదా, ఎక్కడికి?" అంది మీ నాయనమ్మ.

"ఊరికే. మూడో రోజు కదా."

ఆమె నా ముఖం చూసింది. ఏం అర్థమయిందో నేను అడగలేదు, ఈ రోజుకీ అడగలేదు. లోపలికి వెళ్ళి అరటాకులో అన్నం మడిచి తెచ్చి దోనెలో పెట్టింది.

ఒంటి చేత్తో ఎంత దూరం పోగలనో అంత దూరం పోయాను. పడమరకి, ఈడ్పు తిరిగిన వైపుకి. ప్రతి అల వెనకా చూశాను. ఎండెక్కాక ఒడ్డు వైపు తిరిగి చూస్తే కొబ్బరి చెట్ల మధ్య రోడ్డు మీద మూడు లారీలు కనబడ్డాయి. దుమ్ము లేచింది, కాసేపటికి దిగిపోయింది. ఏ లారీలో ఉందో తెలియలేదు. మళ్ళీ నీళ్ళ వైపు తిరిగాను.

మర్జుకి పడవ నిండా సరుకుతో తిరిగి వస్తూ నన్ను చూసి ఇంజను తగ్గించాడు.

"ఏం వెతుకుతున్నావ్ సరంగూ?"

"ఏమీ లేదు."

"వల లేదు, గాలం లేదు. ఇంత దూరం గాలి తినడానికి వచ్చావా?"

"అవును."

వాడు కాసేపు నన్నే చూశాడు. నిన్న శవం పడమర దొరికిందని వాడికి తెలుసు. శవాలు నేను చూసినన్ని వాడూ చూశాడు. వంగి ఒక బుట్టెడు నెత్తళ్ళు ఎత్తి నా దోనెలో గుమ్మరించాడు.

"కూరకి ఉంచుకో" అని వెళ్ళిపోయాడు.

నడినెత్తికి ఎండ వచ్చేదాకా తిరిగాను. ఏమీ కనబడలేదు. ఇంటికి వచ్చేసరికి నెత్తళ్ళు మెత్తబడ్డాయి. మీ నాయనమ్మ వాటిని కడిగి, పసుపు రాసి వేయించింది. తిన్నాను. ఉప్పు సరిపోయిందా అని అడిగింది. సరిపోయింది అన్నాను.